మళ్లీ ఆపరేషనా? ఆ మాట ఎవరు చెప్పాలి?

ఈ వారం వీడియోలో పరీక్షిత్తు మహారాజు కథ చెప్పుకున్నాం కదా. ఎడిటింగ్ చేస్తున్నంతసేపూ నాకు మా మేనమామే గుర్తొచ్చారు. వీడియోలో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మామయ్యకు పిత్తనాళ క్యాన్సర్. కాలేయం లోపల పైత్యరసం మోసే సన్నటి గొట్టాల్లో పుడుతుంది. ఆపరేషన్ చేసి కాలేయం కుడి భాగం తీసేశారు. కాలేయానికి ఒక గొప్ప గుణం ఉంది. కోసేసినా, మిగిలిన ముక్క కొన్ని నెలల్లో పెరిగి పని అందుకుంటుంది. ఆరోగ్యమైన కాలేయమైతే మూడో వంతు మిగిలినా మనిషికి సరిపోతుంది. తర్వాత ఆరు నెలలు క్యాపెసిటబిన్ మాత్రలు వాడారు. గండం గడిచిందని అందరం తిరుపతి వెళ్లొచ్చాం. పద్నాలుగు నెలలకు స్కాన్‌లో, మిగిలిన కాలేయంలోనే, మళ్లీ ఒక గడ్డ కనిపించింది.

రిపోర్టు ముందు నా ఫోన్‌కే వచ్చింది. అత్తయ్య నా చేయి పట్టుకుని, "మీ మామయ్యకు చెప్పొద్దు నాన్నా. తెలిస్తే సగం ప్రాణం అక్కడే పోతుంది. ఏవో రాళ్లున్నాయని చెప్పి ఆపరేషన్ చేయించేద్దాం" అంది. నేను సరేనన్నాను. ఆ సాయంత్రం మామయ్య అడిగితే రాళ్లనే చెప్పాను. ఆయన నా మొహం చూసి ఇంకేం అడగలేదు.

రాత్రి కూర్చుని దొరికిన పరిశోధన పత్రాలన్నీ చదివాను. ఈ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత సగం మందికి పైగా తిరిగి వస్తుంది, ఎక్కువగా రెండేళ్ల లోపే. అలా వచ్చినవాళ్లలో రెండోసారి కోయడానికి వీలయ్యేది కొద్దిమందికే. గడ్డ ఒక్కటే ఉండాలి, కాలేయం దాటి పాకకూడదు, కోశాక సరిపడా కాలేయం మిగలాలి, మనిషిలో బలం ఉండాలి. మొదటి ఆపరేషన్‌కీ దీనికీ మధ్య ఎంత ఎక్కువ కాలం గడిస్తే అంత ఆశ.

రెండోసారి ఆపరేషన్ అయినవాళ్లు కీమో మాత్రమే తీసుకున్నవాళ్లకన్నా ఎక్కువ కాలం బతికారని ఆ పత్రాల్లో ఉంది. చదవగానే ప్రాణం లేచొచ్చింది. కానీ మా ఉద్యోగంలో ఒక అలవాటు ఉంటుంది, లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం. అవి దాదాపు అన్నీ పాత కేసులను వెనక్కి తిరిగి చూసి రాసినవే. బలంగా ఉన్నవాళ్లనీ, జబ్బు నెమ్మదిగా నడుస్తున్నవాళ్లనీ ఏరి మరీ కోశారు. మరి ఎక్కువ కాలం బతికించింది కత్తా, వాళ్ల బలమా? కొంత అదీ, కొంత ఇదీ. ఎంతెంత అన్నది ఆ అంకెలు చెప్పలేవు.

అక్కడే నాకు అర్థమైంది. ఇది నేను తేల్చగలిగే లెక్క కాదు. మొదటి ఆపరేషన్ అతుకుల మధ్య మళ్లీ కోయడం, రక్తస్రావం, కాలేయం చాలకపోతే వచ్చే ప్రమాదం ఒకవైపు. ఇంకొన్ని నెలలో, కొన్ని ఏళ్లో దొరకవచ్చన్న ఆశ ఇంకోవైపు. ఈ రెండిటినీ తూచాలంటే ఆ రోజులు ఎవరివో వాళ్లకే తెలియాలి. మేం ప్రేమ పేరుతో ఆయన చేతిలోంచి త్రాసు లాక్కున్నాం.

అత్తయ్య భయం అబద్ధం కాదు. నిజం విని కుంగిపోయేవాళ్లు ఉన్నారు. నాకు చెప్పొద్దు, మీరే చూసుకోండి అనేవాళ్లూ ఉన్నారు. అదీ వాళ్ల హక్కే. కానీ ఆ మాట వాళ్లు అనాలి, వాళ్ల తరఫున మనం అనేయకూడదు. పరీక్షిత్తుకు శాపం సంగతి దాచి ఉంటే ఏమయ్యేది? ఆ ఏడు రోజులూ రాజ్యపు పనుల్లోనే పోయేవి. చావబోయేవాడు ఏం చేయాలి అని శుకుణ్ణి అడిగే అవకాశమే ఉండేది కాదు.

మర్నాడు వెళ్లి, "మామయ్యా, నీకు ఎంతవరకు తెలియాలనుంది?" అన్నాను. కాసేపు ఊరుకుని, "రాళ్లు కాదని నిన్ననే తెలుసురా. చెప్పు" అన్నారు. అంతా చెప్పాను. డాక్టర్ దగ్గర, మేం ఎవరం అడగని ప్రశ్న ఆయనే అడిగారు. "చేయించుకోకపోతే ఎలా ఉంటుందండీ?" డాక్టర్ కీమో గురించి, అది ఇవ్వగలిగినదాని గురించి ఓపికగా చెప్పారు. మామయ్య నాలుగు రోజులు ఆలోచించి ఆపరేషన్‌కే ఒప్పుకున్నారు. వెళ్లే ముందు పొలం కాగితాలు సర్దారు, ఆరేళ్లుగా మాటల్లేని తమ్ముణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టారు.

ఆపరేషన్ అయి ఐదు నెలలైంది. ముందేమవుతుందో నాకు తెలియదు. ఆయన వద్దని ఉన్నా నేను దాన్ని ఓటమి అనేవాణ్ణి కాదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ ఒక్క సాయంత్రమే. ఆయన నిజం తెలిసీ, మా కోసం తెలియనట్టు ఒంటరిగా గడిపిన రాత్రి అది.

మీ ఇంట్లో ఇలాంటి రిపోర్టు ముందు మీ చేతికే వస్తే, ఏం చెప్పాలా అని ఆలోచించకండి. ఎంతవరకు తెలియాలనుందో ముందు ఆయన్నే అడగండి. ఉంటానండి.