నీటికి చేసే ద్రోహం

గృహస్థులారా, దప్పిగొన్నవాడికి నీళ్ళివ్వడం పుణ్యమని మన పెద్దలు చలివేంద్రాలు పెట్టారు. నీటిలో మలమూత్రాలు విడవడం పాపమని ధర్మశాస్త్రాలు శాసించాయి. మొదటిది ఇంకా పాటిస్తున్నాం, రెండోది విడిచిపెట్టాం. సాటిమనిషి తాగే నీటిని చెడగొట్టడం హింస. తెలియక చేసినా దాని ఫలితం తప్పదు.

1854లో లండన్‌లోని బ్రాడ్ వీధి చుట్టుపక్కల కలరా చెలరేగి, పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్లే ఆ రోగం వస్తుందని అప్పటి వైద్యుల్లో చాలామంది నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు మృతుల ఇళ్ళవెంట తిరిగి విచారించి, వాళ్ళలో అత్యధికులు ఆ వీధి చేతిపంపు నీళ్ళే తాగారని తేల్చి, పంపు పిడి ఊడదీయించాడు. అసలు కారణం ఆ తరువాత బయటపడింది. పంపు దగ్గరి ఇంట్లో ఒక పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, తల్లి గుడ్డలు నానబెట్టిన నీళ్ళను ఇంటిముందు మలగుంటలో పారబోసింది. ఆ గుంటకూ పంపు బావికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. పాపం, ఆ తల్లికి ఏమీ తెలియదు. మనకు అన్నీ తెలుసు.

ఇక మన వీధి సంగతి చూడండి. కుళాయి ధార సన్నబడిందని రోడ్డుకన్నా లోతుగా గుంత తవ్వి నీళ్ళు పట్టుకుంటాం. అదీ చాలక పైపుకు నేరుగా మోటారు బిగిస్తాం. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపూ పగుళ్ళలోంచి నీరు బయటికి కారుతుంది. మోటారు పీల్చినప్పుడూ, సరఫరా ఆగినప్పుడూ ఆ పగుళ్ళే బయటి మురికిని లోపలికి లాగుతాయి. పైపు మురుగుకాలువలోంచి పోతున్నదా, ఆ మురుగే వీధి చివరి ఇంటివాళ్ళ బిందెలో పడుతుంది. గుంతలో నిలిచిన నీరూ అదే దారి పడుతుంది. ఆ ఇంటి బిడ్డ ఆసుపత్రిపాలైతే, మోటారు బిగించినవాడు పరామర్శకు వెళ్ళి వస్తాడేగాని అందులో తన పాలు ఉందని అనుకోడు. ఇతరుల వంతు నీళ్ళు లాక్కోవడం దొంగతనమని కొందరైనా ఒప్పుకుంటారు. నేను దాన్ని విషం పెట్టడమే అంటాను. మోటారు విప్పేయండి, గుంత పూడ్చండి. కారే పైపు కనబడితే పంచాయతీకో మున్సిపాలిటీకో చెప్పి, బాగుచేసేదాకా వెంటపడండి.

ఇది గతించిన కాలపు గొడవ కాదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషుల ప్రాణాలు పోయాయి.

పంచాయతీ పెద్దలారా, రోడ్డంచున చల్లించిన బ్లీచింగ్ పొడి కంటికి తెల్లగా కనబడుతుంది. ప్రాణాలు కాపాడేది మాత్రం ట్యాంకులో కలిపినదే. వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల నాణ్యమైన పొడి కలిపి, గంటసేపు ఆగి నీళ్ళు వదలాలి. బురదనీటిలో ఆ పొడిలోని క్లోరిన్ శక్తి చాలదు కనుక ముందు నీటిని తేర్చాలి. ట్యాంకు కడగకుండా గోడమీద కడిగిన తేదీ మార్చడం ఊరిని మోసగించడమే.

మలవిసర్జన తరువాతా, వంటకు ముందూ, అన్నానికి ముందూ సబ్బుతో చేతులు కడగమని వేరే చెప్పాలా? చెప్పాలి, ఇంకా చాలామంది కడగడం లేదు.

తల్లులారా, విరేచనాలప్పుడు నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని బిడ్డ నోరు కట్టకండి. బిడ్డను చంపేది ఒంట్లోని నీరూ లవణాలూ పోవడమే. 1971లో బెంగాల్ సరిహద్దున బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ నిండుకున్నప్పుడు, దిలీప్ మహాలనబిస్ అనే వైద్యుడు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగులోపుకు దిగాయి. ఆ రెండూ తగుపాళ్ళలో కలిస్తే, జబ్బుపడిన పేగు కూడా నీటిని లోపలికి తీసుకుంటుంది.

అలాంటి మిశ్రమమే ఓఆర్ఎస్ పొట్లంలో ఉంటుంది. పొట్లం మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపండి, ఆ రోజుకే వాడండి. పొట్లం దొరక్కపోతే లీటరు నీటికి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు తలగొట్టి వేయండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. బిడ్డ కక్కుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచా చెంచాగా పట్టండి. చనుబాలు మాన్పించకండి. డాక్టరు రాసిన జింకు మందు విరేచనాలు కట్టినా 14 రోజులూ వేయండి. కళ్ళు లోతుకు పోయినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మడత వెంటనే సర్దుకోకపోయినా, మూత్రం ఆగినా, విరేచనంలో నెత్తురు కనిపించినా, అర్ధరాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. బిడ్డ మింగగలిగితే దారిపొడవునా తాగిస్తూనే ఉండండి.