కాపలా కాసేవాడు, కలిసి బతికేవాడు

ఒక చోటును కాపాడటం అంటే ఏమిటి? మనుషులు దానికి దూరంగా ఉండటమా, దానితో కలిసి బతకటమా? మన పిల్లలకు ఈ ప్రశ్న పుస్తకంలో కంటే ముందు బతుకులోనే ఎదురవుతున్నది. కాబట్టి నిదానంగా ఆలోచిద్దాం.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు దక్షిణాన మాట్‌సైకర్ అనే చిన్న దీవి ఉంది. 1891లో అక్కడ ఓడలకు దారి చూపే దీపస్తంభం కట్టారు. ఇప్పుడు ఆ దీవిని స్వచ్ఛంద సేవకులు చూసుకుంటున్నారు. ఇద్దరేసి చొప్పున వెళ్లి ఆరు నెలలు ఉంటారు. దుకాణం లేదు, ఇరుగుపొరుగు లేదు. తిండి సరుకులు వెంట తీసుకుపోవాలి. కలుపు పీకుతారు, పాత ఇళ్లు బాగు చేస్తారు, గాలీ వానా లెక్కలు రాస్తారు. ఇది మంచి పని. దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు.

కానీ ఆ దీవి మనిషి అడుగు పడని దీవి కాదు. ఆ తీరపు ఆదివాసులు బెరడు పడవల్లో వేటకు అక్కడికి వచ్చిపోయేవారు. 1830లలో వలస ప్రభుత్వం టాస్మేనియా ఆదివాసులను ఫ్లిండర్స్ అనే వేరే దీవికి తరలించింది. అక్కడ రోగాలతో చాలామంది చనిపోయారు. మాట్‌సైకర్‌లో దీపం వెలిగే నాటికే ఆ పడవలు రావడం ఆగిపోయింది.

ఇట్లాంటి దీవి మనకూ ఉంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట. అక్కడి అడవిలో యానాదులు దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని, మూలికలు ఏరుకుని బతికారు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. యానాదుల గూడేలు లేచిపోయాయి. రాకెట్ ఎగిరితే మన పిల్లలు గర్వపడాలి, నేనూ పడతాను. అయితే అంతకాలం ఆ అడవి చెడకుండా అందులో బతికింది ఎవరో కూడా పాఠంలో ఉండాలి.

నల్లమల సంగతి చూడండి. 1983లో అది పులుల సంరక్షణ కేంద్రమైంది. పులి అడుగు గుర్తుపట్టడానికి చెంచు యువకుల కళ్లు కావాలి. అందుకే అటవీశాఖ వాళ్లను వాచర్లుగా పెట్టుకుంది. అదే పులి పేరు చెప్పి చెంచుపెంటలను ఖాళీ చేయమనే మాట కూడా వస్తుంటుంది. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు అడ్డం నిలబడినవాళ్లలో చెంచులున్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. అడవికి ఆపద వచ్చినప్పుడు కావలసినవాళ్లు, ఆపద తీరాక అడ్డమెట్లా అవుతారు?

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న ఉంది. ఆదివాసులు మాత్రం అడవి నరకలేదా? వాళ్లకూ బండి, ఫోను, పక్కా ఇల్లు కావాలి కదా? నిజమే. మనం దేవతలం కాదు. "అడవి బిడ్డలు" అని పొగిడేవాళ్లను నమ్మి మనమే అట్లా అనుకోవద్దు. మన పెద్దలు అడవిని కాపాడింది మంచితనం ఒక్కదానితోనే కాదు, కట్టుబాటుతో. కొత్తల పండుగ చేయనిదే కొత్త పంట ముట్టలేదు. తేనె తీసినప్పుడు పట్టంతా తీయకుండా కొంత వదిలారు. తప్పితే ఊరు అడిగేది. ఊరికి అడిగే హక్కు పోయిన చోట కట్టుబాటు కూడా సడలిపోతుంది.

కాబట్టి నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది: చోటు చెడిపోతే నష్టం ఎవరికి? ఆరు నెలల సేవకుడు బాధపడతాడు, తర్వాత తన ఇంటికి పోతాడు. అక్కడే పుట్టినవాడికి పోవడానికి వేరే ఇల్లు లేదు. నష్టం మోసేవాడికి నిర్ణయంలో మొదటి మాట ఉండటం న్యాయం. మాట లేకుండా కాపలా మాత్రమే అప్పగిస్తే వాడు సొంత నేల మీద కూలివాడే. కాపలా వదిలేసి హక్కు మాత్రమే అడిగితే మనం పట్టా ఉన్న మరో ఆసామిమి, అంతే.

కలిసి బతుకుతూ కాపాడటం కుదరని పని కాదు. మా ఖిలా వరంగల్‌నే చూడండి. కాకతీయుల తోరణాలకు పురావస్తు శాఖ కాపలా ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టరాదని చట్టం. ఆ ఇబ్బంది పడుతూనే కోటగోడల మధ్య జనం ఇళ్లలో ఉంటున్నారు, పొలాలు దున్నుతున్నారు. రాయికి దొరికిన ఈ వీలు చెట్టుకు ఎందుకు దొరకదు?

2006 అటవీ హక్కుల చట్టం పట్టాల కోసమే అని చాలామంది అనుకుంటారు. అడవినీ, జంతువులనూ, నీటి వనరులనూ కాపాడే అధికారం అందులోని 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. గ్రామసభ ఒప్పుకోనిదే వన్యప్రాణుల పేరుతో ఊరు కదిలించరాదని కూడా ఆ చట్టంలోనే ఉంది. యువతీ యువకులారా, గ్రామసభకు వెళ్లి ఈ రెండూ చదివి వినిపించండి. ఆ తర్వాత మన ఊరు ఏ చెట్టు కొట్టదో, ఏ వాగులో మందు కలపదో కూడా అక్కడే తీర్మానం రాయించండి. రెండో పని చేస్తేనే మొదటిదాన్ని గట్టిగా అడగగలం.