మాటకు వెల కట్టవచ్చునా?

ఇల్లు కొనుట, స్థలము అమ్ముట గృహస్థుని జీవితములో తరచుగా వచ్చు పనులు కావు. తండ్రి కట్టిన ఇంటిని కుమారుడు అవసరమునకు అమ్మును. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ముతో మరియొకడు దానిని కొనును. ఇరువురకును అనుభవము తక్కువ, భయము ఎక్కువ. కాగితములోని మాటలకు అర్థము తెలియక నష్టపోవువారు కొందరు. అర్థము తెలిసియు ధర్మము తప్పువారు కొందరు.

హైదరాబాదు నగరములో అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములను చూచిన ఈ విషయము స్పష్టమగును. పెరడు, బావి కల పాత ఇండ్ల స్థానములో అంతస్తుల భవనములు లేచినవి. 2017 నవంబరులో మెట్రో రైలు అమీర్‌పేట చేరినది. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగినది. ఇట్టి చోట నేల విలువ ఒప్పందము నాటికి ఒకటి, రిజిస్ట్రేషను నాటికి వేరొకటి కావచ్చును. ధర కదలనంత కాలము మాట నిలుపుకొనుట ఎవరికిని కష్టము కాదు. ధర పెరిగిననాడే మాటకు పరీక్ష.

ఒక ఉదాహరణము తీసికొందము. అమీర్‌పేట సందులలో ఇల్లు కల ఒక యజమాని దానిని ఒక చిరుద్యోగి కుటుంబమునకు అమ్ముటకు అంగీకరించి, బయానా పుచ్చుకొని, మూడు నెలల గడువుతో కాగితము వ్రాసియిచ్చెను. రెండవ నెలలో పంజాగుట్ట వ్యాపారి ఒకడు అంతకంటె చాల హెచ్చు ధర చూపెను. "ఆ కుటుంబమునకు బయానా రెట్టింపుగా తిరిగి ఇచ్చెదను. వారికి నష్టము లేదు, నాకు దోషము లేదు" అని యజమాని తలంచెను. ఈ తలంపు న్యాయమేనా?

ముందుగా ఒప్పందమనగా నేమో చూడవలెను. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము ఇరుపక్షములు ఒకే విషయమును ఒకే అర్థములో అంగీకరించినపుడే అది సమ్మతి. ఆ సమ్మతి బలాత్కారము, అనుచితమైన ఒత్తిడి, మోసము, తప్పుడు మాట, పొరపాటు అను ఐదింటికిని దూరముగా ఉండవలెను. ఒప్పుకొన్నవారు మైనరులు కారాదు, మతి స్థిమితము కలవారై యుండవలెను. ప్రతిఫలము, ఉద్దేశము రెండును ధర్మసమ్మతముగా ఉండవలెను. మేడతోపాటు కారు నిలుపు చోటు కూడ వచ్చునని కొనువాడు, రాదని అమ్మువాడు అనుకొని సంతకములు చేసినచో వివాదమునకు అక్కడనే బీజము పడినట్లు. కావున హద్దులు, కొలతలు, ధర, గడువు, స్వాధీనమిచ్చు దినము, పన్ను బకాయిలు ఎవరు చెల్లించవలెనో అన్నియు వ్రాతలో ఉండవలెను.

బయానా అనునది ధరలో కొంత భాగము మాత్రమే కాదు. మాట నిలుపుదుమనుటకు హామీ కూడ. కొనువాడు తప్పినచో దానిని పోగొట్టుకొనవచ్చును. కాని హామీగా కాక ధరలో భాగముగా ముందు చెల్లించిన సొమ్మును అమ్మువాడు అట్లే మింగివేయజాలడు. కాగితములో ఎంత పెద్ద మొత్తము వ్రాసినను, ఆ మొత్తమునకు మించక, న్యాయస్థానము సమంజసమైన పరిహారమునే ఇప్పించును. కొత్త భవనములలో మేడ కొనువారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము మరియొక రక్షణ కల్పించినది. ఒప్పందము వ్రాసి రిజిస్టరు చేయించక ముందు నిర్మాత ధరలో పదవ వంతుకు మించి పుచ్చుకొనరాదు.

ఒప్పందము వేరు, విక్రయము వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ఒప్పందపు కాగితమొక్కటే కొనువానికి ఆ ఆస్తిపై హక్కును కలిగింపదు. నూరు రూపాయలకు తక్కువ కాని ఇల్లు, స్థలము అమ్మకమునకు రిజిస్టరు దస్తావేజు అవసరము. జి.పి.ఏ. కాగితములతో చేతులు మారు అమ్మకము యాజమాన్యమును ఇయ్యజాలదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఇచ్చటనే యజమానికి సందు దొరకినట్లు తోచును. హక్కు ఇంకను తనదే గదా, బయానా రెట్టింపు ఇచ్చి తప్పుకొనరాదా? చట్టము దీనికి సమాధానము చెప్పియున్నది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము ప్రకారము, తప్పినచో ఇంత చెల్లించవలెనని ఒప్పందములో వ్రాసియున్నను, ఆ మొత్తము మాట నిలుచుటకు పెట్టిన కట్టుబాటు మాత్రమే అయినచో, దానిని పారవేసి తప్పించుకొను వీలు లేదు. ఇల్లు వ్రాసియిమ్మనియే కోర్టు ఆదేశింపవచ్చును. 2018 సవరణతో ఈ ఉపశమనము మునుపటివలె కోర్టు ఇష్టముపై ఆధారపడుట మానినది. మొదటి ఒప్పందము సంగతి తెలిసియే కొన్న పంజాగుట్ట వ్యాపారికి కూడ రక్షణ లేదు. జరిమానా మాటకు కావలి. అది మాట తప్పుటకు చెల్లించు సుంకము కాదు.

అట్లని ధర్మము అమ్మువాని తలపైననే మోపబడలేదు. కొద్ది బయానా ఇచ్చి, గడువు దాటినను సొమ్ము తేక, ధర పెరుగువరకు కూర్చుండి, ఆపైన పాత ధరకే ఇమ్మని కోర్టుకెక్కు కొనుగోలుదారులును కలరు. తాను మొదటినుండియు సిద్ధముగా ఉంటినని కొనువాడు నిరూపింపవలెను. స్థిరాస్తి ఒప్పందములలో గడువే ప్రాణమని సాధారణముగా భావింపరాదని 1992లో సుప్రీంకోర్టు చెప్పినది. అయినను నగరములలో ధరలు వేగముగా పెరుగు కాలములో ఆ సూత్రమును పునరాలోచింపవలసి యున్నదని 2011లో అదే న్యాయస్థానము హెచ్చరించినది. దావాకు మూడేండ్ల గడువున్నదని మూడేండ్లును నిద్రించుట కొనువానికి తగదు.

మౌనము మరియొక చిక్కు. ఊరక మౌనముగా ఉండుట మోసము కాదని ఒప్పందముల చట్టము చెప్పును, చెప్పవలసిన బాధ్యత ఉన్నచోట తప్ప. ఆస్తి విక్రయమున ఆ బాధ్యత ఉన్నది. కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టలేని లోపము తనకు తెలిసియున్నచో అమ్మువాడు చెప్పి తీరవలెను. అమ్మువానికి తెలియని హక్కు వలన ఆస్తి విలువ హెచ్చునని కొనువానికి తెలిసినచో అతడును చెప్పవలెను. ఇ.సి. తీసి చూచుట, లింకు దస్తావేజులు చదివించుట, వారసులందరి సంతకములు అడుగుట కొనువాని పని. అయినను రిజిస్టరు కాని ఒప్పందము, కోర్టులోని దావా, చెల్లెలి వాటా ఇ.సి.లో కనబడకపోవచ్చును. అచ్చట కొనువానికి దిక్కు అమ్మువాని నోటి సత్యమే.

ఇరువురును కలిసి చేయు తప్పు ఇంకొకటి కలదు. అసలు ధర ఒకటి, దస్తావేజులో వ్రాయునది వేరొకటి. స్థిరాస్తి విషయమున ఇరువది వేల రూపాయలు, అంతకు మించిన నగదు పుచ్చుకొనుట 2015 నుండి నిషిద్ధము. ఇద్దరు ఏకమై అబద్ధమాడినచో ఒకరినొకరు మోసగించుకొనలేదు గదా అని సమాధానపడుదురు. కాని ఒప్పందము చెడిననాడు, ఆ నగదు ఇచ్చితినని చెప్పుకొనుటకు కొనువానికి నోరుండదు.

బసవేశ్వరుడు కల్యాణములో బిజ్జలుని కోశాగారమును నిర్వహించినవాడు. పరుల ధనము చేతిలో ఉన్నపుడు మనిషి ఎట్లుండవలెనో ఎరిగిన మహనీయుడు. కాయకమనగా చెమటోడ్చుట మాత్రమే కాదు, సంపాదనలో కల్మషము లేకుండుట కూడ. స్థలము అమ్ముటయు సంపాదనయే; కల్మషము అందులోను చేరరాదు.

యజమాని ప్రశ్నకు మరల వత్తము. రెట్టింపు బయానాతో ఆ కుటుంబమునకు నష్టము తీరునా? వారు ఆ ఇంటిని నమ్మి బ్యాంకులో అప్పునకు దరఖాస్తు పెట్టియుందురు, నగలు కుదువ పెట్టియుందురు, చూచిన వేరొక ఇంటిని వదలుకొనియుందురు. ఆ నెలలను ఎవరు తిరిగి ఇత్తురు? ఒప్పుకొన్ననాడు ఆ ధర తనకు న్యాయముగానే తోచినది. తరువాత పెరిగిన విలువ మాట ఇచ్చిన క్షణముననే కొనువారి అదృష్టములో చేరినది. విలువ తగ్గియుండిన, కొనువాడు వెనుదిరుగుటను తాను సహించియుండునా? ఈ ప్రశ్న తనను తాను వేసికొన్న యజమానికి న్యాయవాది సలహా అవసరముండదు. అతడు ఒప్పుకొన్న ధరకు, ఒప్పుకొన్న దినమున, ఒప్పుకొన్నవారికే దస్తావేజు వ్రాసియిచ్చును.