కనిపించే పన్ను, నమిలే పన్ను

అల్లాహ్ మనిషికి ప్రసాదించిన అనుగ్రహాల్లో కొన్నింటి విలువ అవి చేజారాకే తెలుస్తుంది. పళ్ళు అలాంటివే. నోట్లో ఉన్నన్నాళ్ళు వాటిని తలచుకోము. ఊడిన తర్వాత జొన్నరొట్టె ముందు కూర్చుంటే గుర్తుకు వస్తాయి. ఊడిన పన్ను స్థానంలో మరో పన్నును దవడ ఎముకలోనే బిగించే చికిత్స ఇప్పుడు ఖమ్మం లాంటి పట్టణాల్లో కూడా అందుబాటులోకి వచ్చింది. దాన్నే ఇంప్లాంట్ అంటున్నారు. ఇది ధర్మసమ్మతమేనా అని చాలామంది అడుగుతున్నారు.

ఆ ప్రశ్నల్లో ఒకటి ముదిగొండ మండలంలోని ఒక రైతు కుటుంబం నుండి వచ్చింది. తల్లికి అరవై ఐదేళ్ళు దాటాయి. కింది వరుస పళ్ళన్నీ పోయాయి. కూతురికి పందొమ్మిదేళ్ళు. బండి మీద నుండి పడి ముందు పన్ను పోగొట్టుకుంది. ఆమెకు సంబంధాలు చూస్తున్నారు. మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చింది గానీ అది ఒక్కరి చికిత్సకే సరిపోతుంది. పెద్ద కొడుకు రెండు విషయాలు అడిగాడు. ఒకటి, ఇది అల్లాహ్ సృష్టిని మార్చడం అవుతుందా? రెండు, కాకపోతే ఎవరికి ముందు చేయించాలి? "వృద్ధాప్యానికి మందు లేదని హదీసులోనే ఉంది కదా, అమ్మీకి ఈ వయసులో ఎందుకు?" అని తమ్ముడు అంటున్నాడట. తల్లి కూడా, "పెళ్ళి కావలసిన పిల్లకు చేయించండి, నాకు జావ చాలు" అంటోందట.

మొదటి ప్రశ్న ఫిఖహ్‌కు సంబంధించినది. రెండోది మన మనసులకు సంబంధించినది. మొదటిదానికి జవాబు సులభం. రెండోదాన్ని మాత్రం ప్రతి ఇల్లూ తనకు తాను వేసుకోవాలి.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

తీర్పు చెప్పే ముందు విషయం తెలుసుకోవడం అవసరం. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం లోహపు పరికరాన్ని అమర్చి పరిశోధన చేస్తున్నాడు. తర్వాత దాన్ని బయటికి తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలుపుకుని గట్టిగా పట్టుకుంది. 1965లో అతను ఒక రోగి దవడలో టైటానియం మరలు బిగించి, వాటిపై పళ్ళు అమర్చాడు. నేటి చికిత్సకు మూలం ఇదే. మొదట దవడ ఎముకలో చిన్న మరను దించుతారు. ఎముక దాన్ని పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాత దానిపై పన్ను బిగిస్తారు.

ఖర్చు విషయానికొస్తే, ఒక్క పన్నుకు సుమారు ఇరవై వేల నుండి యాభై వేల రూపాయల దాకా, రకాన్ని బట్టి అంతకు మించి కూడా అవుతుంది. పైగా ఇది అందరికీ సరిపడదు. షుగరు అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. దవడ ఎదుగుతున్న వయసులో ఉన్న పిల్లలకు వైద్యులు దీన్ని వాయిదా వేస్తారు.

సృష్టిని మార్చడమా, నష్టాన్ని పూరించడమా?

అల్లాహ్ సృష్టిలో మార్పులు చేయమని మనుషులను పురిగొల్పుతానని షైతాన్ పలికిన ప్రతిజ్ఞను దివ్య ఖుర్ఆన్ సూరె నిసాలో ప్రస్తావించింది. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలు శాపానికి గురవుతారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. దీన్ని బట్టి కొందరు నోట్లో ఏ మార్పు చేసినా పాపమేనని భయపడుతున్నారు. అయితే ఆ హదీసులో 'అందం కోసం' అన్న షరతు ఉంది. ఆరోగ్యంగా ఉన్న పన్నును ఫ్యాషన్ కోసం అరగదీయడం వేరు, పోయినదాన్ని తిరిగి పెట్టించుకోవడం వేరు.

దీనికి స్పష్టమైన ఆధారం హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) సంఘటన. ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండితో ముక్కు చేయించుకుంటే అది దుర్వాసన రాసాగింది. అప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బంగారు ముక్కు పెట్టించుకోమని ఆయనను ఆదేశించారు (అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ). పురుషులకు బంగారం నిషిద్ధమని మనకందరికీ తెలుసు. ఆ నిషిద్ధ వస్తువునే అవసరం కోసం అనుమతించారంటే, పోయిన అవయవాన్ని పూరించడం సృష్టిని మార్చడం కానేకాదని తేలిపోతోంది. పూర్వపు పండితుల్లో చాలామంది తమ పళ్ళను బంగారంతో కట్టించుకున్నారని ఇమామ్ తిర్మిజీ (రహ్మ) ఈ హదీసు దగ్గరే రాశారు.

కదిలే పళ్ళను వెండితోనే కట్టాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయపడ్డారు. బంగారంతో కట్టినా తప్పులేదని ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. చర్చ ఏ లోహం అన్నదాని మీదనే జరిగింది, కట్టవచ్చా లేదా అన్నదాని మీద కాదు. టైటానియం బంగారమూ కాదు, వెండీ కాదు కనుక ఆ చర్చ కూడా ఇక్కడ తలెత్తదు.

ఈ విద్య మన పూర్వికులకు కొత్త కాదు. క్రీ.శ. 1013లో మరణించిన అందలుస్ వైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన 'కితాబుత్ తస్రీఫ్'లో కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టే పద్ధతిని, ఎద్దు ఎముకను పన్ను ఆకారంలో చెక్కి ఊడిన చోట అమర్చే పద్ధతిని వివరించారు.

వుజూ, గుస్ల్, ఎముక పొడి

ఎముకలో బిగిసిపోయిన పన్ను సహజమైన పన్నుతో సమానం. దాని కిందికి నీరు చేరనవసరం లేదు. వుజూ, గుస్ల్ రెండూ నెరవేరుతాయి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళ విషయం వేరు. హనఫీ ఫిఖహ్ ప్రకారం గుస్ల్‌లో నోరు పుక్కిలించడం ఫర్జ్ కనుక వాటిని తీసి పుక్కిలించాలి.

దవడ ఎముక పల్చబడితే కొందరు వైద్యులు ఎముక పొడిని నింపుతారు. అది పశువు ఎముకది కావచ్చు, పందిది కావచ్చు, మనిషిది కావచ్చు, కృత్రిమంగా తయారైనదీ కావచ్చు. ఎముకతో చికిత్స చేయవచ్చునని, అయితే పంది ఎముకను, మనిషి ఎముకను వాడరాదని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయంగా ఫతావా గ్రంథాల్లో ఉంది. ధర్మసమ్మతంగా జబహ్ చేసిన పశువుది గానీ కృత్రిమమైనది గానీ దొరుకుతున్నప్పుడు వేరే వాటి జోలికి పోరాదు. కుర్చీలో పడుకోక ముందే ఈ సంగతి వైద్యుణ్ణి అడగండి. ఇందులో మొహమాటపడవలసిందేమీ లేదు.

మనిషి మరణించిన తర్వాత ఇంప్లాంట్ తీయాలా అని కూడా కొందరు అడుగుతారు. తీయనవసరం లేదు. మృతుని ఎముక విరచడం బ్రతికున్నవాని ఎముక విరచడం లాంటిదేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూ దావూద్). దవడను కోసి లోహాన్ని వెలికితీయడం ఆ మృతదేహానికి అగౌరవం.

ఎవరికి ముందు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒకరి పన్ను విరగగొట్టినవాడు చెల్లించవలసిన పరిహారం ప్రతి పన్నుకూ ఐదు ఒంటెలని షరీఅత్ నిర్ణయించింది. దవడ పన్నుకు ఎంత అని మర్వాన్ కబురు పంపి అడిగితే, ఐదు ఒంటెలని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పారు. ముందు పన్నునూ దవడ పన్నునూ సమానం చేస్తారా అని మర్వాన్ మళ్ళీ అడిగించాడు. వేళ్ళను చూసుకుంటే చాలని, వాటన్నిటి పరిహారం ఒక్కటేనని ఆయన బదులిచ్చారు. ఈ సంఘటన ఇమామ్ మాలిక్ (రహ్మ) 'ముఅత్తా'లో ఉంది.

సోదర సోదరీమణులారా! ఇందులో మనకు గొప్ప పాఠం ఉంది. నవ్వితే కనిపించే పన్నుకు షరీఅత్ ఎక్కువ వెల కట్టలేదు. ఎవరికీ కనిపించకుండా నమిలే పన్నుకు తక్కువ వెల కట్టలేదు. మనమే తేడా చేస్తున్నాము. నలుగురూ చూసే పన్ను కోసం పొలం డబ్బు బయటికి తీస్తాము. తల్లి అన్నం మెత్తగా పిసికి, పులుసు కలిపి, నమలకుండానే మింగుతుంటే అది వయసు ధర్మమని సరిపెట్టుకుంటాము.

తమ్ముడు ప్రస్తావించిన హదీసు నిజమే. వైద్యం చేయించుకోవాలా అని కొందరు పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోమని, ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని, వృద్ధాప్యం ఒక్కటే దానికి మినహాయింపని దైవప్రవక్త (స) చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ). కానీ ఆ హదీసు వైద్యం చేయించుకోమని చెప్పింది, ముసలివారిని వదిలేయమని కాదు. వృద్ధాప్యం పోదు, నిజమే. దాని వల్ల కలిగే ఇబ్బందులు తగ్గించవచ్చు. చూపు మందగిస్తే కళ్ళద్దాలు కొనిస్తాము. మోకాళ్ళు పట్టేస్తే చేతికర్ర ఇస్తాము. అప్పుడు గుర్తుకురాని మినహాయింపు పళ్ళ దగ్గరే ఎందుకు గుర్తుకొచ్చింది?

స్తోమత ఉన్న కొడుకుపై నిరుపేద తల్లి పోషణ విధి. పోషణ అంటే పళ్ళెంలో అన్నం పెట్టడమే కాదు, ఆమె తినగలిగేలా చూడడం కూడా అందులో భాగమే. అందుకే కొడుకు తన జకాత్ సొమ్ముతో తల్లికి పళ్ళు పెట్టించరాదు. అది అతను సొంత డబ్బుతో తీర్చవలసిన బాధ్యత.

ఇక తల్లి మాట. "నాకు జావ చాలు" అనడం ఈసార్, అంటే తన కన్నా ఇతరులకు ప్రాధాన్యమివ్వడం. దానికి అల్లాహ్ దగ్గర ఆమెకు గొప్ప ప్రతిఫలం లభిస్తుంది. అయితే త్యాగం చేసేవారికి పుణ్యం గానీ, ఆ త్యాగాన్ని సాకుగా వాడుకునేవారికి కాదు. ఏ తల్లి అయినా కూతురి పెళ్ళి మాట వచ్చినచోట తన నోటి మాట ఎత్తదు. కాబట్టి ఆమె వద్దన్నంత మాత్రాన కొడుకుల బాధ్యత తీరిపోదు.

అలాగని కూతురిది ఉత్త షోకు అని మేము అనడం లేదు. ప్రమాదంలో పోయిన పన్నును పెట్టించుకోవడం ఆమెకు పూర్తిగా అనుమతించబడింది. ఎక్కువ కాలం ఆలస్యమైతే ఆ చోట ఎముక అరిగిపోతుందన్నదీ వాస్తవమే. పెళ్ళివారు అడిగితే మాత్రం జరిగింది జరిగినట్లు చెప్పాలి. ప్రమాదంలో పన్ను పోవడం దాచుకోవలసిన కళంకం కాదు, అబద్ధం చెప్పడమే తప్పు.

డబ్బు ఎక్కడి నుండి?

మేము ఆ కుటుంబాన్ని ఒక మాట తిరిగి అడిగాము. "పెళ్ళి విందుకు, జహేజ్‌కు ఎంత పక్కన పెట్టారు?" వాళ్ళు చెప్పిన మొత్తం ఇద్దరి చికిత్సకూ సరిపోయి ఇంకా మిగిలేటంతగా ఉంది. డబ్బు ఒక్కరికే సరిపోతుందన్న లెక్క వేసేటప్పుడు ఆ సొమ్మును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తల్లీకూతుళ్ళ మధ్య పోటీ పెట్టింది పేదరికం కాదు, నలుగురి మెప్పు కోసం మనం తెచ్చిపెట్టుకున్న ఆచారం. దుబారా చేసేవారు షైతాన్ సోదరులని సూరె బనీ ఇస్రాయీల్ హెచ్చరిస్తోంది. అదే సూరాలో కొద్దిగా ముందు, వృద్ధులైన తల్లిదండ్రుల ముందు 'ఉఫ్' అని కూడా అనవద్దన్న ఆజ్ఞ ఉంది. ఈ రెండు ఆజ్ఞలను కలిపి చదివితే ఆ ఇంటి లెక్క సరిపోతుంది.

నిజంగానే డబ్బు చాలనివారికి మధ్యే మార్గం కూడా ఉంది. కింది దవడలో ఒక్క పన్నూ లేనివారికి వరుసంతా ఇంప్లాంట్లు బిగించనవసరం లేదు. రెండే ఇంప్లాంట్లు వేసి, వాటికి పట్టుకునేలా కట్టుడు పళ్ళ సెట్టు అమర్చవచ్చు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, కింది పళ్ళు పూర్తిగా లేనివారికి ఈ పద్ధతినే మొదట ఎంచుకోవాలని సూచించారు. జారిపోయే సెట్టు కన్నా ఇది నమలడానికి అనువైనది. అదీ వీలుకాకపోతే మామూలు కట్టుడు పళ్ళు కొన్ని వేల రూపాయల్లో వస్తాయి. కూతురికి కూడా మరో పంట వచ్చేదాకా తీసి పెట్టుకునే పన్నుతో గడపవచ్చునా అని వైద్యుణ్ణి అడగాలి. దంత వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రుల్లో ఖర్చు సాధారణంగా తక్కువ.

ఒక్క దారి మాత్రం మూసుకోవాలి. అది వడ్డీ. ఆసుపత్రి వారే వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకుంటే తప్పులేదు. ఫైనాన్స్ కంపెనీ వడ్డీ కలిపి కట్టించుకునే అప్పుతో పన్ను పెట్టించుకోవడం ధర్మసమ్మతం కాదు. హలాల్ అన్నం నమలడానికి పెట్టించుకునే పన్ను హరామ్ దారిలో రావడం ఎంత విడ్డూరం!

ఉన్న పళ్ళను కాపాడుకోవడం అన్నిటికన్నా చౌక. మిస్వాక్‌ను దైవప్రవక్త (స) ఎంతగా ప్రోత్సహించారో మనకు తెలుసు. వేపపుల్ల దొరకని పల్లె మన జిల్లాలో లేదు. గుట్కా, జర్దా మానేస్తే చిగుళ్ళు బాగుంటాయి, డబ్బూ మిగులుతుంది.

కాబట్టి పాఠకులారా, ఈ రోజు భోజనం దగ్గర మీ ఇంట్లోని పెద్దలు ఏం తింటున్నారో, ఏది పళ్ళెంలో పక్కకు నెట్టేస్తున్నారో ఒకసారి చూడండి. అడిగితే వాళ్ళు చెప్పరు. చూస్తేనే తెలుస్తుంది.

తల్లిదండ్రుల హక్కులను గుర్తించి, వాటిని హలాల్ సంపాదనతో నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.