పెద్ద కుక్క, చిన్న ఆవులింత

రోహిణి కార్తె మొదటి తొమ్మిది రోజుల్ని రాయ్‌పూర్‌లో నౌతపా అంటారు. ఎండ 45 డిగ్రీల దగ్గర తారాడుతుంది, తారు రోడ్డు అంతకంటే కాలుతుంది. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది, తలకు తువ్వాలు చుట్టుకుని పని చూసుకొస్తాడు. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే. మిగతా వేడినంతా నాలుక చాచి రొప్పి వదిలించుకోవాలి. దాని ఒంటి మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 106 దాటితే ప్రాణం మీదికొస్తుంది. ఒళ్లు పెద్దదైనకొద్దీ లోపలి వేడి బయటపడటం కష్టం. ముప్పై అయిదు కిలోల లాబ్రడార్‌కు, అంతకు రెట్టింపు తూగే సెయింట్ బెర్నార్డ్‌కు మే నెల గండం లాంటిది.

అందుకే ఈ ఊళ్లో పెద్ద కుక్క ఉన్న ఇల్లు చీకటితోనే లేవాలి. తేలీబాంధా వైపైనా, రైల్వే కాలనీ సందుల్లోనైనా ఎండెక్కకముందే నడక ముగించాలి. చేతి వెనకభాగాన్ని తారు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ దారిన కుక్కను నడిపించకూడదని పెంపకందార్లు చెప్పుకుంటారు. ఈ చిన్న జాగ్రత్త వెనక పెద్ద ఆలోచనే ఉంది. పాదాలు కాలుతున్నా యజమాని వెంట నడిచే స్వభావం కుక్కది. కాలుతోందని అది నోరు తెరిచి చెప్పలేదు. కనిపెట్టే పూచీ మనిషిదే. థెరపీ కుక్కను తయారుచేయడమంటే ఆ పూచీని మరెన్నో రెట్లు పెంచుకోవడం.

చూపులేనివారికి దారి చూపే కుక్క ఒక్క మనిషికి తోడు. థెరపీ కుక్క పరాయివాళ్ల కోసం వెళ్తుంది: ఆస్పత్రి వార్డుకు, వృద్ధాశ్రమానికి, ఆటిజం ఉన్న పిల్లల బడికి. అక్కడ అది పెద్దగా ఏమీ చేస్తున్నట్టు కనబడదు. పక్కన కూర్చుంటుంది, తల నిమరనిస్తుంది, అంతే. హాంకాంగ్‌లో జిల్ రాబిన్సన్ 1991లో మాక్స్ అనే గోల్డెన్ రిట్రీవర్‌తో 'డాక్టర్ డాగ్' కార్యక్రమం మొదలుపెట్టారు. మన దేశంలో దాన్ని చెన్నై బ్లూ క్రాస్ అందిపుచ్చుకుంది. ముంబై విమానాశ్రయంలోనూ ప్రయాణికుల కంగారు తగ్గించడానికి ఇలాంటి కుక్కల్ని పెట్టారు.

వైద్య ప్రపంచం ఈ పనిని పట్టించుకునేలా చేసినవాడు న్యూయార్క్ మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ణి తల్లిదండ్రులు అనుకున్న వేళకంటే చాలా ముందే తీసుకొచ్చారు. అప్పుడు గదిలో లెవిన్సన్ కుక్క జింగిల్స్ ఉంది. అది వెళ్లి పిల్లవాణ్ణి నాకింది. వాడు బెదరకపోగా దగ్గరికి తీసుకున్నాడు, మళ్లీ వచ్చి దానితో ఆడుకుంటానన్నాడు. లెవిన్సన్ ఈ అనుభవాన్ని 1962లో వ్యాసంగా ప్రచురించాడు. తోటి నిపుణుల్లో నవ్వినవాళ్లున్నారు. ఫీజులో కుక్క వాటా ఎంతని అడిగినవాళ్లూ ఉన్నారని చెబుతారు.

అంతకు ముప్పై ఏళ్ల ముందే వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ రోగులతో మాట్లాడే గదిలో జోఫీ అనే చౌ చౌ జాతి ఆడకుక్క పడుకుని ఉండేది. గంట పూర్తయ్యే వేళకు అది లేచి ఆవులించేదని, ఫ్రాయిడ్‌కు గడియారం చూసే అవసరం ఉండేది కాదని ఆయన కొడుకు మార్టిన్ చెప్పిన ముచ్చట. ఇన్నేళ్లుగా దీన్ని కుక్క తెలివికి నిదర్శనంగానే చెప్పుకుంటున్నారు. అయితే కుక్కల్ని దగ్గరగా చూసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. నిద్ర రాకపోయినా ఆవులించడం, తినడానికేమీ లేకపోయినా మూతి నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం, తడవకపోయినా ఒళ్లు విదిలించుకోవడం, తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం: కుక్క ఇబ్బంది పడుతోందనడానికి ఇవన్నీ గుర్తులు కావచ్చు. నార్వే శిక్షకురాలు టూరిడ్ రూగోస్ వీటిలో చాలావాటిని ఒకచోట చేర్చి పుస్తకంగా రాశారు. జోఫీ ఆవులింత వేళ తెలియడమా, అలసటా, ఇక చాలన్న విన్నపమా అన్నది ఇప్పుడు తేల్చలేం. ఆ ఆవులింతకు ఆ గదిలో విలువ ఉండటమే అసలు సంగతి. అది లేచాక గంట ముగిసినట్టే.

పెద్ద కుక్కకు ఈ పనిలో ఒక అనుకూలం ఉంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి వంగకుండానే దాని తల మీద చెయ్యి వేయగలడు. మంచం పక్కన నిలబడితే దాని గడ్డం పరుపు అంచుకు ఆనుతుంది. ఆ ఒడ్డూపొడుగే ప్రమాదం కూడా. ముద్దుగా ఎగిరి ముంగాళ్లు భుజాల మీద వేస్తే చాలు, ఎనభై ఏళ్ల మామ్మ పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంటుంది. తోక ఒక్క ఊపు ఊపితే సెలైన్ స్టాండు కదిలిపోతుంది. అందుకని మనుషుల మీదికి ఎగరకూడదని, నేల మీద పడ్డ మాత్రను ముట్టకూడదని నేర్పాలి. లిఫ్టు తలుపుల చప్పుడు, ఊతకర్ర టకటక, నున్నటి గచ్చు, అన్నీ ఓపిగ్గా అలవాటు చేయాలి. కొత్త లోకాన్ని బెదురు లేకుండా తనలోకి తీసుకునే వయసు కుక్కపిల్లకు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకానే ఎక్కువ. అప్పుడు చూడనిది, విననిది తర్వాత భయపెడుతుంది. పెద్ద జాతులకు ఎముకలు గట్టిపడటానికి ఏడాదిన్నర దాకా పడుతుంది కాబట్టి ఒంటికి తొందర పనికిరాదు, మనసుకు ఆలస్యం పనికిరాదు.

రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. రైలు కొలువుల వెంట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో కుక్కకు మరో చిక్కు. నాయనమ్మ 'రారా నాన్నా' అంటుంది, మనవడు 'కమ్' అంటాడు, పక్కింటి వాళ్లు 'ఆజా' అంటారు. అందరూ ఒకే చేతి సైగ వాడితే పేచీ ఉండదు. కుక్కలు మాటకంటే సైగను సులువుగా పట్టుకుంటాయి.

ఎలా నేర్పాలన్న దగ్గర చాలా ఇళ్లలో ఇప్పటికీ పాత నమ్మకమే నడుస్తోంది: పెద్ద కుక్కను మొదట్లోనే లొంగదీయాలి, లేకపోతే నెత్తికెక్కుతుంది. ఈ నమ్మకానికి ఒక మూలం రుడాల్ఫ్ షెంకెల్ 1947లో బంధనంలో ఉన్న తోడేళ్ల గురించి ప్రచురించిన పరిశీలన. ఒకచోట మూసి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం కొట్టుకున్నాయి. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమని, పెత్తనపు పోరు మాట అక్కడ పొసగదని డేవిడ్ మెక్ 1999లో వివరించాడు. ఆ పాత భావనకు ప్రచారం ఇచ్చిన పుస్తకాల్లో 1970లో ఆయన రాసినదీ ఒకటి. కుక్కల శిక్షణలో కొట్టకుండా నేర్పే పద్ధతిని బాగా వ్యాపింపజేసిన కారెన్ ప్రయర్ అంతకుముందు డాల్ఫిన్లకు నేర్పారు. డాల్ఫిన్‌కు గొలుసు వేయలేం, దెబ్బ వేస్తే ఈదుకుంటూ దూరంగా పోతుంది. పోవాలనుకుంటే పోగల జంతువు దగ్గర నేర్చిన పద్ధతి అది. పోలేని జంతువు దగ్గర కూడా అలాగే నడుచుకోవడమే మనిషి మర్యాద.

ఈ మర్యాద మనకు కొత్తేమీ కాదు. ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ వస్తుంది. జనమేజయుడి తమ్ముళ్లు యాగశాల దగ్గర ఒక కుక్కపిల్లను కొడతారు. తల్లి సరమ వచ్చి, తప్పు చేయని బిడ్డను ఎందుకు కొట్టారని రాజును నిలదీస్తుంది. మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి ఇంద్రుడి రథం ఎక్కనంటాడు. అకారణంగా కొట్టకూడదు, నమ్మి వచ్చినదాన్ని వదలకూడదు. ఈ రెండూ పాటించే ఇళ్లు తెలుగునాట లెక్కలేనన్ని. థెరపీ కుక్క ఉన్న ఇల్లు మూడోది కూడా చేర్చుకోవాలి. కుక్క తనకు ఇష్టం లేదంటే ఆ మాట వినాలి.

కుక్కకు కాదనే అవకాశం ఇవ్వని పనులు ఉన్నాయి. 2025 ఏప్రిల్ చివర్లో ఛత్తీస్‌గఢ్, తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో సీఆర్‌పీఎఫ్ కుక్క రోలో తేనెటీగల దాడిలో చనిపోయింది. బెల్జియన్ మాలినోయిస్, వయసు రెండేళ్లు. దేశ రక్షణకు కుక్కలు కావాలా వద్దా అన్న చర్చ వేరు. ఆ కొండ ఎక్కాలా వద్దా అని రోలోను అడిగినవాళ్లు లేరన్నది నిజం. ఓదార్పునిచ్చే పనిలో ఆ నిర్బంధం చెల్లదు. బలవంతాన కూర్చోబెట్టిన కుక్క రోగికి ఓదార్పు ఇవ్వలేదు, పైగా ఏదో ఒకరోజు గుర్రుమంటుంది. వార్డు గుమ్మం దగ్గర అది వెనక్కి తగ్గితే ఆ రోజుకు ఇంటికి తీసుకెళ్లాలి. గొలుసు పట్టుకున్న మనిషి కళ్లు కుక్క మీదే ఉండాలి. రోగి ముఖంలో వెలుగు చూడాలని ఎంత ఆశగా ఉన్నా సరే. కుక్క, యజమాని ఒకరినొకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఆ చూపు దానంతట అదే రావాలి. మెడ పట్టి తిప్పితే వచ్చేది కాదు.

రోగికీ కాదనే హక్కు ఉంది. వీధికుక్క తరిమిన చిన్ననాటి భయం, రేబిస్ భయం, పూజా శుచి, నమాజు శుచి, ఏ కారణమైనా గౌరవించదగ్గదే. 2024 మార్చిలో కేంద్రం 23 కుక్క జాతుల్ని క్రూరమైనవిగా చెప్పి నిషేధించాలని రాష్ట్రాలకు రాసింది. మరుసటి నెలలో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. కోర్టు కాగితంతో జనం గుండెల్లో బెదురు పోదు. కుక్క గదిలోకి రాకముందే అడగడం, వద్దంటే దూరంగానే ఆపడం, టీకా కాగితాలు చేతిలో ఉంచుకోవడం ఎంతో మేలు చేస్తాయి.

పెద్ద జాతులకు ఆయువు తక్కువ. గ్రేట్ డేన్‌కు ఎనిమిది నుంచి పదేళ్లు, లాబ్రడార్‌కు పది పన్నెండేళ్లు. ఎదగడానికి, నేర్వడానికి రెండేళ్లు పోతే ఓపికగా తిరగగలిగేది కొద్ది ఏళ్లే. తుంటి కీళ్లు అరిగిన కుక్క కూర్చుని లేవడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకుంటుంది. తోక మాత్రం ఊపుతూనే ఉంటుంది, దాంతో చూసేవాళ్లు మోసపోతారు. వారానికొకసారి వెళ్లేది నెలకొకసారి చేయాలా, పూర్తిగా మాన్పించాలా అన్నది పశువైద్యుడు ఎక్స్‌రే చూసి కొంతవరకే చెప్పగలడు. మిగతాది పొద్దున్నే దానితో నడిచే మనిషి తేల్చుకోవాలి. వార్డులో దాని కోసం ఎదురుచూసేవాళ్లుంటారు, ఇక రాదని చెప్పడం కష్టంగా ఉంటుంది. అయినా చెప్పాలి. మానేశాక కూడా దానికి పొద్దుటి నడక, కొత్త మనుషుల పలకరింపు కావాలి. దానికి నచ్చిన పిల్లలు, కదలగలిగినవాళ్లు ఇంటికే వచ్చి దాని పక్కన కూర్చోవచ్చు.