లింగమా, కారణమా?

పరగడుపున ఇచ్చిన రక్తమునకు బదులుగా సాయంకాలము చేతికి వచ్చు రిపోర్టుపై మొత్తము కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు అను పేర్లును, వాని ప్రక్కన కొన్ని అంకెలును ఉండును. ఆ అంకెలను చూచి గృహస్థుడు బెంగపడుటయో, పొంగిపోవుటయో జరుగును గాని, అవి మనకిచ్చునది ఏ జాతి జ్ఞానమని విచారించువారు అరుదు. అది ప్రత్యక్షము కాదు. రక్తనాళముల గోడలలో ఏమి పేరుకొన్నదో ఆ కాగితము చూచి చెప్పుట లేదు. అది అనుమానము. అనుమానప్రమాణమును మన తార్కికులు శోధించినంత నిశితముగా శోధించినవారు లోకములో బహుకొద్దిమంది గనుక, ఈ వైద్యప్రశ్నను కొంతసేపు వారి సన్నిధిని నిలుపుట అనుచితము కాదు.

కృష్ణామండలమందలి గరికపాటివాడని చెప్పబడు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున, కొండమీది పొగను లింగముగా, అనగా గుర్తుగా, గైకొని నిప్పును ఊహించు ప్రసిద్ధోదాహరణమును వివరించుటతో ఊరకుండక, దానిని తలక్రిందులు చేసినచో కలుగు దోషమును కూడ చూపినాడు. పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉండును. నిప్పు ఉన్నంతమాత్రమున పొగ ఉండవలెనని లేదు. ఎఱ్ఱగా కాగిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. నిప్పుకు తడికట్టె తోడైననే పొగ పుట్టును. పైకి కనబడు సంబంధము వెనుక దాగి, దానిని నిలబెట్టుచున్న ఈ మూడవదానికే శాస్త్రకారులు ఉపాధియని పేరు పెట్టిరి.

ఈ ఉపాధిని కనుగొనుటకు వైద్యశాస్త్రము చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948లో 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకొని, దశాబ్దములపాటు వారి హృదయముల గతిని గమనించిన పరిశోధకులకు, హెచ్‌డీఎల్ హెచ్చుగా ఉన్నవారికి గుండెపోటు తక్కువగా వచ్చుట కనబడెను. అంతట దానికి మంచి కొలెస్ట్రాల్ అను బిరుదు దక్కెను. దానిని పెంచిన హృదయము క్షేమముగా నుండునను ఆశ పుట్టెను. టార్సెట్రపిబ్ అను ఔషధము హెచ్‌డీఎల్‌ను నూటికి డెబ్బదివంతులకు పైగా పెంచినది కూడ. కాని సుమారు 15,000 మందిపై జరిగిన పరీక్షలో ఆ మందు తీసికొన్నవారిలోనే మరణములు ఎక్కువయ్యెను. 2006 డిసెంబరులో పరీక్షను నిలిపివేసిరి. ఆ మందు రక్తపోటును కూడ పెంచినది గనుక దోషమంతయు దానిదేయని కొందరు సమాధానపడిరి. అటుపిమ్మట వచ్చిన డాల్సెట్రపిబ్ అను మందు హెచ్‌డీఎల్‌ను పెంచియు ఫలమేమియు చూపలేదు. పుట్టుకతోనే హెచ్‌డీఎల్‌ను కొంత హెచ్చుగా ఉంచు జన్యుభేదము గలవారికి సైతము గుండెపోటు తగ్గలేదని 2012లో తేలినది. శరీరశ్రమ చేయువాడు, పొగత్రాగనివాడు, నడుము లావెక్కనివాడు సహజముగనే హెచ్‌డీఎల్ హెచ్చుగా కలిగియుండును. అతని క్షేమమునకు హేతువు చాలవఱకు ఆ నడవడియే; ఇచటి ఉపాధి అదియే. పొగను విసరి నిప్పును రాజేయజూచినవాని యత్నము వంటిదే ఈ ఔషధచరిత్ర.

మఱి ఎల్‌డీఎల్ సంగతియేమి? ఇదియు లింగమాత్రమేయని వాదించినవారు లేకపోలేదు. సెయింట్ పీటర్స్‌బర్గులో అనిచ్‌కోవ్ అను శాస్త్రజ్ఞుడు 1913లో కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి, వాని ధమనులు పూడుట చూపినప్పుడు, ఆకులు మేయు జంతువును చూచి మనుష్యుని గూర్చి తీర్పు చెప్పరాదని ఆక్షేపించిరి. న్యాయమైన ఆక్షేపణయే. కాని ఎల్‌డీఎల్‌ను రక్తమునుండి లాగికొను గ్రాహకములు పుట్టుకతోనే లోపించిన పిల్లలకు బాల్యముననే గుండెపోటు వచ్చుటకు మూలమును బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అను వైద్యులు వివరించి 1985లో నోబెల్ బహుమానము పొందిరి. ఇది అన్వయము, అనగా హేతువున్నచోట కార్యముండుట. పీసీఎస్‌కే9 అను జన్యువులోని లోపమువలన జన్మతః ఎల్‌డీఎల్ తక్కువగా నున్న నల్లజాతి అమెరికనులలో హృద్రోగభయము నూటికి 88 వంతులు తగ్గియుండుట 2006లో వెల్లడియయ్యెను. ఇది వ్యతిరేకము, అనగా హేతువు లేనిచోట కార్యము లేకుండుట. 1994లో వెలువడిన స్కాండినేవియా పరీక్షలో 4,444 మంది హృద్రోగులలో ఎల్‌డీఎల్‌ను తగ్గించు సిమ్వాస్టాటిన్ అను మందు మ్రింగినవారికి మరణములు సుమారు మూడవవంతు తగ్గెను. ఇన్ని మార్గములు ఒక్కచోటికే చేరినపుడు ఎల్‌డీఎల్‌ను కారణమనక తప్పదు.

అయినను పొగత్రాగుచు, ఎల్‌డీఎల్ 190 దాటియు తొంబది యేండ్లు బ్రతికిన తాతగారు ప్రతి బంధువర్గమునను ఒకరుందురు. ఆయనను చూపి ఈ శాస్త్రమంతయు బూటకమనువారును ఉందురు. ఒక్క వ్యభిచారముతో, అనగా హేతువుండియు కార్యము లేని ఒక్క చోటుతో, వ్యాప్తియను నియతసంబంధము భగ్నమగునన్న తర్కనియమమును వీరు పాటించుచున్నట్లు తోచును గాని, అదే తార్కికులు కారణసామగ్రిని గూర్చి చెప్పినది వీరి చెవిని పడలేదు. ఏ ఒక్క కారణమును తానుగా కార్యమును పుట్టింపదు. సామగ్రి సంపూర్ణము కావలెను, ప్రతిబంధకము ఉండరాదు. రక్తపోటు, మధుమేహము, ధూమపానము, వయస్సు, వంశము ఇవన్నియు ఆ సామగ్రిలోనివే.

వంశమను మాట వినగానే ప్రారబ్ధవాదము తల యెత్తును. నార్వే దేశీయుడు కోరె బెర్గ్ 1963లో కనుగొనిన, హృద్రోగభయమును పెంచు లైపోప్రోటీన్-ఏ చాలవఱకు తల్లిదండ్రులనుండి వచ్చునదే, పథ్యమునకు లొంగదు. ఇక చేయగలదేమున్నదని చేతులు ముడుచుకొనువాడు సామగ్రిన్యాయమునే మఱచుచున్నాడు. ఒక అంగము మన వశము కానపుడు తక్కినవానిని తొలగించుటకు అది హేతువగును గాని ఆటంకము కాదు. అట్టివానికి వైద్యులు ఎల్‌డీఎల్‌ను మఱింత తగ్గించుకొమ్మనుటలోని యుక్తి ఇదియే. దైవముకంటె పౌరుషమును పైకెత్తిన యోగవాసిష్ఠము చదివినవారికి ఇది క్రొత్తగా తోపదు.

ఇంత తర్కము మాకేల, కన్నులారా చూచి చెప్పరాదా యనువారికొఱకు యంత్రములును వచ్చినవి. హృదయధమనులలోని సున్నపుపేరుకను సీటీ యంత్రముతో చూచి అంకెగా లెక్కించు పద్ధతిని అగాట్‌స్టన్ ప్రభృతి వైద్యులు 1990లో ప్రకటించిరి. ప్రత్యక్షమునకు ఇది చాల దగ్గఱ. కాని అచట కనబడునది సున్నము. పగిలి రక్తమును గడ్డకట్టించు మెత్తని క్రొవ్వుముద్దలో సున్నము లేకపోవచ్చును. ఆ అంకె సున్నగా వచ్చినవాని విషయమున భయము బహుస్వల్పమని చెప్పుదురే గాని లేదని చెప్పరు. చూచితిమనుకొన్నదానినుండి కూడ తిరిగి ఊహింపవలసియే యున్నది.