తీగల వంతెన కింద నీళ్లు

హైటెక్ సిటీకి వెళ్తూ దుర్గం చెరువు తీగల వంతెన ఎక్కుతున్నారా? ఒక్కసారి కిందికి చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోట దాహం తీర్చిన చెరువిది.

ఊరి దాహం తీర్చే ఆలోచన ఇంకా పాతది. అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందే అస్సిరియా రాజు సెన్నాకెరిబ్ తన నినెవె నగరానికి కొండల నుంచి కాలువ తవ్వించాడు. జెర్వాన్ దగ్గర వాగు దాటించడానికి లక్షల రాళ్లతో వారధి కట్టించాడు. అదే రాజు క్రీ.పూ. 689లో బాబిలోన్‌ను కూల్చి, దాని మీదికి నీళ్లు మళ్లించాడు. వారధి కట్టించిన ఆ చేతిని మెచ్చుకోవాలన్నా నాకు మనసొప్పదు.

క్రీ.పూ. 612లో నినెవె కూలింది. జెర్వాన్ రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మన చెరువూ ఉంది, కానీ మురుగు చేరి ఆ నీళ్లు తాగే స్థితి పోయింది. ఎంత బాధ! పక్కనే చెరువున్నా, సైబరాబాద్ గొంతు తడపడానికి మంజీర, గోదావరి అంత దూరం నుంచి రావాల్సి వస్తోంది.